యుద్ధ రేడియోకు శ్రుతి నిలిపిన పలుగురాయి

సంగీత కచేరి ప్రారంభించుటకు ముందు విద్వాంసులు తంబురా మీటి తమ వాద్యముల శ్రుతి సరిచూచుకొందురు. తీగ ఏ మాత్రము సడలినను చెవి పట్టివేయును. బిరడ కొంచెము త్రిప్పినచో సరిపోవును. రెండు రేడియో యంత్రములు మాటలాడుకొనవలెనన్నను ఇట్టి శ్రుతియే కావలెను. పంపెడు యంత్రము సెకండుకు ఎన్ని కంపనములుగల తరంగమును వెలువరించుచున్నదో, అందుకొనెడు యంత్రము కూడ అన్ని కంపనములకే సరిగా అమరియుండవలెను. ఈ కంపనముల సంఖ్యనే పౌనఃపున్యమందురు. ఇంటిలో రేడియో వినువారికి గుండీ త్రిప్పుచు కేంద్రమును వెదకికొను తీరిక కలదు. కుదుపులతో పరుగెత్తు యుద్ధ శకటములో, ఇంజను రొదలో, గుండ్ల వానలో కూర్చున్న సైనికునకు ఆ తీరిక ఎక్కడిది? రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా సైన్యపు రేడియో పరిశోధకులు ఈ చిక్కును విప్పుటకు ఒక రాతిముక్కను నమ్ముకొనిరి. ఆ రాయి వారిని ఆదుకొనెను. నడుమ ఒకసారి మోసము కూడ చేసెను.

ఆనాటి సాధారణ రేడియోలో తరంగమును పుట్టించునవి ఒక తీగచుట్ట, ఒక కండెన్సరు. వాల్వు సాయముతో విద్యుత్తు ఈ రెంటి నడుమ ఉయ్యెలవలె ఇటునటు ఊగుచుండును. ఆ ఊపు వేగము చుట్ట కొలతలపైనను, కండెన్సరు రేకుల ఎడముపైనను ఆధారపడియుండును. వేడికి చుట్ట వ్యాకోచించును. కుదుపునకు రేకులు కదలును. బ్యాటరీ నీరసించినకొలది వాల్వు నడక మారును. వీనిలో ఏది మారినను శ్రుతి మారినట్లే. అంతకంటె పెద్ద ప్రమాదము మరియొకటి కలదు. పది శకటముల రేడియోలను ఒకే పౌనఃపున్యమునకు తేవలెనన్నచో, నాయకుని రేడియో కొంతసేపు కూయుచుండవలెను; తక్కినవారు దానిని వినుచు తమ యంత్రములను సరిచేసికొనవలెను. ఆ కూత శత్రువునకు కూడ వినబడును. దాడికి వచ్చుచున్నామని ముందుగా చాటింపు వేసికొన్నట్లే గదా!

అమెరికా సైన్యములో వార్తలు పంపుట, అందుకొనుట చూచు శాఖకు సిగ్నల్ కోర్ అని పేరు. న్యూజెర్సీ రాష్ట్రములోని ఫోర్టు మన్మత్ అను చోట దాని ప్రయోగశాలలుండెను. 1940లో జర్మనీ శకటదళములు ఫ్రాన్సును కొద్ది వారములలో లొంగదీసినపుడు, ఆ దళముల కదలికకు రేడియో ఎంత తోడ్పడెనో లోకమంతయు చూచెను. అమెరికా శకటదళము కూడ నమ్మదగిన రేడియో కావలెనని పట్టుబట్టెను. సిగ్నల్ కోర్‌లో రోజర్ కోల్టన్ మొదలైనవారు రెండు క్రొత్త పద్ధతుల పక్షము వహించిరి. మొదటిది ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగు రూపొందించిన ఎఫ్.ఎం. పద్ధతి. ఇంజనులోని నిప్పురవ్వల వలన పుట్టు గరగరను ఇది చాలవరకు అణచివేయును. రెండవది తీగచుట్టకు బదులు పలుగురాతి పలకతో శ్రుతిని నిలుపుట.

రెండవదానికి గట్టి అభ్యంతరములే వచ్చినవి. ఆ రాయి దొరకునది దూరదేశమున. పలకలు చేయువారు అప్పటికి బహు కొద్దిమంది. వారిలో చాలమంది సరదా కొరకు రేడియో నడపుకొను ఔత్సాహికులకు చిన్న చిన్న గదులలో పలకలు చేసి అమ్ముకొనువారు. యుద్ధమునకు ముందు అమెరికాలో ఏటా తయారగునవి సుమారు ఒక లక్ష మాత్రమే. సైన్యపు రేడియోలన్నింటిని అట్టి వస్తువుపై ఆధారపడజేయుట జూదమువంటిదని పలువురు భావించిరి. ఆ మాట త్రోసివేయదగినది కాదు. అయినను జూదమాడుటకే నిర్ణయము జరిగెను.

ఎస్.సి.ఆర్.-508 అను శకట రేడియోను చూచినచో ఆ నిర్ణయమువలన కలిగిన లాభము తెలియును. దానికి 80 మార్గములు కలవు. మొదటి మార్గము సెకండుకు 2 కోట్ల కంపనములది. చివరిది 2 కోట్ల 79 లక్షలది. ఒక్కొక్క మార్గమునకు ఒక్కొక్క పలక చొప్పున 80 పలకలు ఒక పెట్టెలో నుండును. వానిలో కావలసిన పదింటిని ముందుగనే అమర్చియుంచెదరు. ఇక సైనికుడు చేయవలసినది ఒక మీట నొక్కుట మాత్రమే. ఎవరును కూయనక్కరలేదు, ఎవరును వెదకనక్కరలేదు. ఈ పలకలు తమంత తాము సెకండుకు 2 కోట్ల సార్లు కంపింపవు. మొదటి మార్గపు పలక కంపించునది సుమారు 3,70,370 సార్లు. వాల్వుల సాయమున దానిని 54 రెట్లు పెంచుదురు. విద్యార్థులు హెచ్చవేసి చూచుకొనవచ్చును.

కాలినడకన పోవు సైనికుడు చేత పట్టుకొను ఎస్.సి.ఆర్.-536 అను చిన్న రేడియోలో ఈ ఏర్పాటు ఇంకను సూటిగా నుండెను. అందులో పలకలు రెండే. ఒకటి పంపుటకు, ఒకటి అందుకొనుటకు. సైనికుడు త్రిప్పవలసిన శ్రుతిగుండీ యనునదే లేదు. పలక బాగుగా నున్నంతకాలము అది వరము. పలక చెడినచో మాత్రము ఆ రేడియో ఒక బరువు. దానిని మరియొక విధముగా శ్రుతి చేయుటకు వీలులేదు.

ఇంతకు రాతిపలకకు శ్రుతి ఎట్లబ్బినది? 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియెర్ క్యూరీ అను సోదరులు పలుగురాతి స్ఫటికమును నొక్కినపుడు దాని ముఖములపై విద్యుదావేశము పుట్టుచున్నదని కనుగొనిరి. దీనికి పీడన విద్యుత్తని పేరు. మరుసటి సంవత్సరమున దీని విపర్యయము కూడ నిజమని తేలెను. అనగా స్ఫటికమునకు విద్యుత్తును తగిలించినచో దాని ఆకారము రవంత మారును. విద్యుత్తు దిశను మాటిమాటికి మార్చుచున్నచో పలక అటునిటు వణకును. గుడిగంటను కొట్టినపుడు అది తన స్వంత శ్రుతిలోనే మ్రోగునట్లు, ప్రతి పలకకును ఒక స్వంత పౌనఃపున్యము కలదు. విద్యుత్తు వేగము దానితో సరిపోయినపుడు పలక ఉధృతముగా కంపించును. ఏ మాత్రము తప్పినను మిన్నకుండును. మొదటి ప్రపంచయుద్ధమున పాల్ లాంజెవిన్ నీటిలో మునిగియున్న జలాంతర్గాములను కనిపెట్టుటకు పలుగురాతిని వాడెను. ఆ తరువాత అమెరికాలో వాల్టరు కేడీ ఆ పలకతో రేడియో శ్రుతిని నిలుపవచ్చునని చూపెను. 1923లో హార్వర్డు విశ్వవిద్యాలయమున జి. డబ్ల్యు. పియర్సు అందుకు తగిన తేలిక వలయమును కూర్చెను.

శకట రేడియోలోని పలకలు పొడవు వెడల్పుల ననుసరించి కంపించునవి. అంతకంటె ఎక్కువ పౌనఃపున్యము కావలసినచో మందము ననుసరించి కంపించు పలకలను వాడుదురు. వీనిలో ఎ.టి. కోత అను తరగతి ముఖ్యమైనది. దీని లెక్క తేలిక. పలక మందమును మిల్లీమీటర్లలో కొలిచి, 1.66ను దానితో భాగించినచో సెకండుకు ఎన్ని పదిలక్షల కంపనములో వచ్చును. 80 లక్షల కంపనములు కావలెనన్నచో మందము 0.2075 మిల్లీమీటరు. మందము తగ్గినకొలది శ్రుతి హెచ్చును. స్ఫటికమును ఏ దిక్కున కోసితిమను దానిపై దాని గుణమంతయు ఆధారపడును. స్ఫటికపు నిలువు అక్షమునకు 35 డిగ్రీల 15 నిమిషముల కోణమున కోసినచో, సాధారణపు ఎండలకు, చలికి పలక పౌనఃపున్యము దాదాపు మారకుండును. 1934లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో లాక్, విలర్డ్, ఫెయిర్ అనువారు ఈ కోతను ప్రకటించిరి. జపానులో కోగా, జర్మనీలో బెక్‌మన్, స్ట్రౌబెల్ కూడ వేర్వేరుగా ఇదే విషయమునకు చేరిరి. కోణములో కొద్ది నిమిషముల తప్పు దొర్లినను ఈ సుగుణము చెడును. అందువలన కోతకు ముందు ఎక్సు కిరణములతో స్ఫటికములోని అణువుల వరుసలను చూచి దిక్కు నిర్ణయింపవలసియుండెను.

పలుగురాయి మనకు క్రొత్తది కాదు. నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతపు అభ్రకపు గనులలో అభ్రకముతోపాటు పలుగురాయి కూడ బయటపడును. అయితే కంటికి పలుగురాయి అయినదెల్ల రేడియోకు పనికిరాదు. పగులు, బుడగ, మసక ఉండరాదు. అంతకంటె దొంగ దోషము ఒకటి కలదు. అదియే కవల స్ఫటికము. ఒకే రాతిలో ఒక భాగపు అణువుల అమరిక మరియొక భాగమునకు అద్దములోని ప్రతిబింబమువలెనో, సగము చుట్టు త్రిప్పినట్లో ఉండును. పైకి రాయి అద్దమువలె నిర్మలముగనే కనబడును. అట్టి రాతి పలకలో ఒక భాగమున పుట్టిన ఆవేశమును మరియొక భాగము రద్దుచేయును. మంచిరాయి పెద్ద పరిమాణమున ఆనాడు దొరకునది బ్రెజిలులో మాత్రమే. అచ్చటి కూలీలు గునపములతో, పారలతో నేలను త్రవ్వి తీయుచుండిరి. యుద్ధము ముదిరిన తరువాత దానిని విమానములలో కూడ అమెరికాకు చేరవేసిరి. వాషింగ్టనులోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ సంస్థలో ఒక్కొక్క రాయిని నూనెలో ముంచి, కాంతి ప్రసరింపజేసి దోషములు వెదకిరి. అంత శ్రమపడి తెచ్చిన రాతిలో పలకలుగా మారునది స్వల్పభాగము. తక్కినదంతయు రంపపు పొడియు, తుక్కును.

తయారీ పని చూచుటకు సులభము, చేయుటకు కష్టము. వజ్రపు పొడి పట్టించిన రంపముతో రాతిని బిళ్లలుగా కోసి, బిళ్లలను చిన్న పలకలుగా ముక్కలుచేసి, యంత్రముపై సానపట్టెదరు. చివరి మెరుగు మాత్రము చేతిపని. గాజుపలకపై రాపిడి పొడియు నీరును వేసి, రాతిపలకను వ్రేలితో నొక్కి నాలుగు చుట్లు త్రిప్పుట, కడుగుట, పౌనఃపున్యమును చూచుట, మరల రెండు చుట్లు త్రిప్పుట. ఈ పని చేసినవారిలో అధిక సంఖ్యాకులు స్త్రీలు. న్యూయార్కులోని రీవ్స్ సౌండ్ ప్రయోగశాల 1943లో తన కర్మాగారపు పనినంతయు చలనచిత్రముగా తీసెను; ఇప్పటికిని దానిలో ఆ చేతులను చూడవచ్చును. యుద్ధము ముగియునాటికి ఆ దేశమున తయారైన పలకల సంఖ్యను కోట్లలో చెప్పవలసి వచ్చెను.

ఇంతలో రాయి మోసము చేసెను. కర్మాగారమున పరీక్షలో నెగ్గి, మూతపడిన డబ్బీలో భద్రముగా సముద్రములు దాటిపోయిన పలకలు, కొన్ని నెలలకు రేడియోలో పెట్టిచూడగా పలుకకపోయెను. కొన్ని పలికినను శ్రుతి హెచ్చి పలికెను. విశేషమేమనగా, వానిలో కొన్ని ఒక్కమారైనను వాడబడినవి కావు. అలమరలో నుండియే చెడినవి. ఉష్ణదేశములలో, తేమగల చోట్లలో ఈ వ్యాధి త్వరగా ముదిరెను. 1943 ప్రాంతమున ఇది పెద్ద ఉపద్రవముగా కనబడెను. పలుగురాయి కోట్ల ఏండ్లు కొండలలో పడియుండియు మార్పులేని వస్తువు. అట్టిది ఆరునెలలలో ముసలిదగుట ఎట్లు? ఈ మార్పునకు పరిశోధకులు వార్ధక్యమనియే పేరు పెట్టిరి.

మార్పు ఎంత స్వల్పమైనను ఫలితమెంత పెద్దదో ఒక లెక్క చూడదగినది. విమానములకొరకు చేసిన ఎస్.సి.ఆర్.-522 రేడియోలో పలక కంపనములను 18 రెట్లు పెంచెదరు. 80 లక్షల కంపనముల పలక శ్రుతి 1,000 కంపనములు హెచ్చినదనుకొందము. ఆకాశములో తరంగము 18,000 కంపనములు తప్పును. పలక శ్రుతిలో ఆ వేయి కంపనముల తేడాకు మందములో రావలసిన తగ్గుదల ఎంత? మిల్లీమీటరులో సుమారు నలువదివేలవ వంతు! కంటికిగాని, సాధారణపు కొలతబద్దకుగాని అందెడి మాట కాదు.

చెడిన పలకలను పరిశీలింపగా ఒక ఆధారము చిక్కెను. సబ్బునీటిలో కుంచెతో బాగుగా తోమినచో చాలపలకలకు చురుకు తిరిగి వచ్చుచుండెను. కాని పౌనఃపున్యము మాత్రము పూర్వపు విలువకు రాక, హెచ్చిన చోటనే నిలిచెను. అనగా పలకనుండి ఏదో ఊడిపోయినది; ఊడినది ఇక తిరిగి అంటుకొనలేదు. మురికి చేరియుండినచో పలక బరువెక్కి శ్రుతి తగ్గవలెను గాని హెచ్చరాదు. ఊడినది మరి ఏది? అది ఆ పలుగురాయియే.

సానపట్టిన రాతిముఖము కంటికి నునుపుగా కనబడును. నిజమునకు అది నాగలి దున్నిన చేనువంటిది. రాపిడి పొడిలోని ప్రతి రేణువును రాతిని గీచి, విరిచి, పగుళ్లు తెరచి పోవును. పెళ్లలవలె సగము విడివడిన సూక్ష్మపు తునకలు పలకను కరచుకొని మిగిలియుండును. తయారైననాడు అవియు పలకతో కలిసియే కంపించును గనుక మందపు లెక్కలో చేరియుండును. పగుళ్లలోనికి గాలిలోని తేమ ప్రవేశించును. సిలికాను, ఆక్సిజను అణువుల బంధములు బిగువులో నున్నపుడు నీరు వానిని మెల్లమెల్లగా తెంచును. గాజుపై గీత గీచి తడిచేసినచో సులభముగా విరుగుటకును ఇదియే కారణము. ఇట్లు తునకలు వదులైనకొలది పలకతో కలిసి ఊగుట మాని, దానిపై గలగలలాడుచు శక్తిని మ్రింగివేయును. మందము తగ్గినట్లగుటచే శ్రుతి హెచ్చును. శక్తి నష్టమగుటచే చురుకు చచ్చును. తోమినపుడు వదులు తునకలు పోయి చురుకు వచ్చునుగాని, క్రింది పగుళ్లు అట్లే యుండును. కొన్నినాళ్లకు కథ మొదటికి వచ్చును. రాతిని ముసలిదానిని చేసినది కాలము కాదు. చివరి మెరుగు పెట్టిన సానయే.

మందు కూడ ఇందులోనే దొరకెను. తుది మందమును సానతో తేక, కొంచెము ఎక్కువ మందముననే ఆపి, మిగిలినదానిని రసాయనముతో కరగింపవలెను. పలుగురాతిని కరగించు ఆమ్లములు అరుదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము, దానికి సంబంధించిన అమ్మోనియం బైఫ్లోరైడు ఆ పని చేయును. ద్రవము పగుళ్లలోనికి పోయి, విడివడిన తునకలను మొదట మ్రింగి, క్రింది గట్టిరాతిని బయటపెట్టును. ఇక ఊడుటకు ఏమియు మిగులదు. పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఈరీ పట్టణపు బ్లైలీ కంపెనీ ఇట్టి పద్ధతిని అభివృద్ధిచేసెను. సైన్యము ఈ కడుగుడును తప్పనిసరి చేసిన తరువాత వార్ధక్యవ్యాధి అదుపునకు వచ్చెను. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము గాజును తినును, చర్మములోనికి దిగి ఎముకను కూడ బాధించును. పాఠశాల ప్రయోగశాలలో దీనిని తాకరాదు.

ఆమ్లముతో ఒక చిక్కు వచ్చెను. ఒక క్షణము ఎక్కువ ఉంచినచో పలక పలుచనై శ్రుతి హద్దుమీరును. తరిగిన రాయిని తిరిగి అతుకుట ఎట్లు? క్లిఫర్డు ఫ్రాండెల్ అను ఖనిజశాస్త్రవేత్త దీనికొక విచిత్రమైన ఉపాయము చూపెను. బలమైన ఎక్సు కిరణములను సోకనిచ్చినచో పలుగురాతి స్థితిస్థాపకత రవంత మారి, పౌనఃపున్యము తగ్గును. రాయి పొగచూరినట్లు నల్లబడును. అందులో అతిస్వల్పముగా నున్న అల్యూమినియం అణువులవద్ద ఎలెక్ట్రానులు స్థానభ్రంశము చెందుటయే ఇందుకు కారణము. బాగుగా వేడిచేసినచో నలుపును పోవును, శ్రుతియు వెనుకటి చోటికి చేరును. రీవ్స్ వారి కర్మాగారమున హద్దుమీరిన పలకలను ఈ విధముగా దారికి తెచ్చిరి. 1945లో ఫ్రాండెల్ ఈ పనిని శాస్త్రపత్రికలో ప్రకటించెను.

జర్మనీకి బ్రెజిలు దారి మూసికొనిపోయెను. అచ్చటి ఇంజనీర్లు తీగచుట్టలను, కండెన్సరులనే ఎంతో నేర్పుతో తీర్చిదిద్దిరి. వేడికి ఒకటి హెచ్చినపుడు మరియొకటి తగ్గునట్లు పింగాణీ కండెన్సరులను జతచేసిరి. ఆ యంత్రములు చక్కనివేగాని ఒక్కొక్కటి గడియారమువలె పొందికగా చేయవలసిన వస్తువు. రాయి కొరతవలననే రిచర్డ్ నాకెన్ అను జర్మను శాస్త్రవేత్త పలుగురాతిని ప్రయోగశాలలో పెంచుటకు పూనుకొనెను. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఇటలీకి చెందిన జార్జియో స్పెజియా ఈ పని సాధ్యమేనని చూపియుండెను. అయితే ఆ పెరుగుదల మిక్కిలి మందము.

యుద్ధము ముగియగనే నాకెన్ ప్రయోగముల వివరములు మిత్రరాజ్యముల పరిశీలకుల చేతికి వచ్చినవి. మరియొకమారు బ్రెజిలుపై ఆధారపడు స్థితి రాకూడదని సిగ్నల్ కోర్ ఈ పరిశోధనకు ధనసహాయము చేసెను. క్లీవ్లండులోని బ్రష్ కంపెనీ, బెల్ ప్రయోగశాలలు వేర్వేరుగా పనిచేసినవి. దళసరి ఉక్కుగొట్టము అడుగున పలుగురాతి ముక్కలు పోసి, క్షారము కలిపిన నీటితో నింపి, పై భాగమున పలుచని పలకలను వ్రేలాడదీసి, మూత బిగించి వేడిచేసెదరు. ఉష్ణోగ్రత మూడువందల యేబది డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమునను, ఒత్తిడి వాతావరణపు ఒత్తిడికి వేయిరెట్ల వరకును ఉండును. వేడి ఎక్కువగానున్న అడుగున రాయి కరగి, కొంచెము చల్లనైన పై భాగమునకు చేరి, వ్రేలాడు పలకలపై పొరలు పొరలుగా పేరును. కొన్ని వారములకు పగులుగాని కవలగాని లేని స్ఫటికము చేతికి వచ్చును. 1958 నాటికి అమెరికాలో ఇది వ్యాపారస్థాయికి చేరెను. తరువాతి కాలమున గని రాయి స్థానమును ఈ పెంచిన రాయియే ఆక్రమించెను. 1969 డిసెంబరులో జపానులో వెలువడిన మొదటి క్వార్ట్‌జు చేతిగడియారమునకును, ఇప్పటి సాధారణపు గడియారములలో సెకండుకు 32,768 సార్లు కంపించు చిన్న రాతికవైకిని మూలము ఇచ్చటనే కలదు. ఉక్కుగొట్టములో మొదట వ్రేలాడదీసిన విత్తనపు పలకలు మాత్రము గనిలో దొరకిన రాతినుండి కోసినవే.